పూడిలంకకి చేరని మాట

పోయిన వారం శ్యామలని భీమడోలులో, వీధి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుండగా వదిలాం. ఆమె అక్క రుక్మిణి కొల్లేటి వరదలో పోయిన పదమూడో రోజు అది. పూడిలంకలో ఇల్లు ఇంకా బురదలోనే ఉండటంతో కార్యక్రమాలన్నీ రుక్మిణి భర్త నిత్యానందంగారి తమ్ముడింట్లో జరిపించారు. శ్యామల ఏలూరులో ‘కొల్లేటి కబురు’ అనే కమ్యూనిటీ రేడియోలో పదకొండేళ్ళుగా మాట్లాడుతోంది. వరద వచ్చిన శనివారం సాయంత్రం డ్యూటీ ఆమెదే. కొల్లేటి లంక గ్రామాల్లో వాళ్ళు వెంటనే కదలాలన్న హెచ్చరికని మూడుసార్లు చదివింది. రోజూ చెల్లెలి గొంతు వినే అక్క ఆ మాట విని కూడా ఎందుకు కదల్లేదో ఆమెకి అంతుపట్టలేదు. బయల్దేరబోతుంటే నిత్యానందంగారు వెనక నుంచి, “ఒక్క నిమిషం ఉండమ్మా శ్యామలా. నీతో ఒక మాటుంది” అన్నారు.

శ్యామల చెప్పులు మళ్ళీ విడిచి వసారాలోకి వచ్చింది. లోపల అంట్లు తోముతున్న చప్పుడు. ఎవరో బస్సు టైము అడుగుతున్నారు. నిత్యానందంగారు పూడిలంక బ్రాంచి పోస్టాఫీసులో ముప్పయ్యేళ్ళుగా పోస్టుమాస్టరు. గట్టిగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. కుర్చీ చూపించి, తను అరుగు అంచు మీద కూర్చుని, పక్కనున్న ప్లాస్టిక్ కవరు ఆమె చేతికిచ్చారు.

కవర్లో ఎర్ర రంగు ఎఫ్ఎం సెట్టు. సబ్బు పెట్టెంత ఉంటుంది. రెండేళ్ళ క్రితం పుట్టినరోజుకి శ్యామలే అక్కకి కొనిచ్చింది.

“దొరికిందాండీ?” అంది.

“అటక మీద పెట్టినట్టుంది. తడవలేదు. నీ దగ్గరే ఉంచుకో.” కండువా సర్దుకుని అడిగారు. “ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదమ్మా?”

శ్యామలకి ప్రశ్న అర్థం కాలేదు. “ఏది బావగారూ?”

“నీళ్ళొస్తున్నాయని.”

“చెప్పానండీ. ఆరూ నలభై అయిదుకి చెప్పాను. ఏడింటికి చెప్పాను. మళ్ళీ ఏడూ ఇరవైకి చెప్పాను. కాగితం ఆఫీసులోనే ఉంది.”

“మేం వింటూనే ఉన్నాం శ్యామలా. ఆరింటికి కరెంటు పోయింది. అప్పట్నుంచీ ఈ సెట్టు పెట్టే ఉంది. మీ అక్క దాని పక్కనే కూర్చుంది. నీ గొంతే వచ్చింది. నువ్వు గూడబాతుల గురించి మాట్లాడావు.”

శ్యామల సెట్టుని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

“ఆటపాకలో ఎవరో పెద్దాయనతో. ఒక్కో పక్షి రోజుకెంత చేప తింటుందని అడిగావు. ఆయనేదో అంటే నవ్వావు. తర్వాత అన్నావు, నీళ్ళు ఎంత నిలకడగా ఉన్నాయండీ, ఇలాంటి సాయంత్రం కొల్లేరుని చూడాల్సిందే అని.”

ఆ మాటలు తనవే. జనవరిలో, ఆటపాక గట్టు మీద, చేతిలో రికార్డరు పట్టుకుని అన్నవి. ఆ పెద్దాయన వేసుకున్న మఫ్లరు రంగు కూడా గుర్తొచ్చింది. ఆకుపచ్చ.

“అది జనవరిలో రికార్డు చేసిందండీ” అంది.

“మాకెలా తెలుస్తుందమ్మా?”

ఆయన గొంతు పెంచలేదు. తలుపు వైపు ఒకసారి చూసి మళ్ళీ చెప్పారు. “ఏడు దాటాక సింహాచలం వచ్చాడు. వాళ్ళింట్లో పాత రెండు బ్యాండ్ల సెట్టుంది చూడు, మీడియం వేవ్ వస్తుంది. పెద్ద రేడియోలో వార్తల్లో చెప్పారట, తమ్మిలేరు ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు, లంకలు ఖాళీ చెయ్యమన్నారు అని. వాళ్ళు నాలుగిళ్ళ వాళ్ళు బయల్దేరుతున్నారు, మమ్మల్నీ రమ్మన్నాడు. మీ అక్క కదలనంది. ‘మీ సెట్టు ఉరుములకి గరగరమంటుంది, నువ్వేం విన్నావో ఏమో. మా చెల్లి అక్కడే కూర్చుని మాట్లాడుతోంది. ఏదైనా ఉంటే అది చెప్పదా?’ అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. మేం ఉన్నాం.”

తర్వాత జరిగింది శ్యామలకి తెలుసు. తెల్లవారేసరికి పైనున్న చేపల చెరువు గట్టు తెగింది. నడుం లోతు నీళ్ళలో పడవ తెప్పించుకుని ఎక్కారు. కల్వర్టు దగ్గర నీటి ఒరవడికి పడవ ఒరిగింది. నిత్యానందంగారికి కరెంటు స్తంభం చేతికి తగిలింది. రుక్మిణికి ఏదీ తగల్లేదు. మర్నాడు గుర్రపుడెక్క చెత్తలో దొరికింది.

“నిన్ను నిందించాలని చెప్పలేదు” అన్నారాయన. “నీకు తెలియాలి కదా. ఇక ఎవర్నీ ఏమీ అడగొద్దమ్మా. అడిగితే మాత్రం మనిషొస్తుందా?”

“అలాగేనండీ” అంది శ్యామల. కవరు సంచిలో పెట్టుకుంది. లోపలికెళ్ళి అందరికీ వెళ్ళొస్తానని చెప్పొచ్చింది. ఎవరో పులిహోర పొట్లం కట్టిచ్చారు. అదీ సంచిలో పెట్టుకుంది.

స్టేషనుకి నడిచింది. ఏలూరు వెళ్ళాల్సిన మనిషి ఎదురు ప్లాట్‌ఫారం మీదికెళ్ళి, గూడెం వైపు పోయే ప్యాసింజరు ఎక్కింది. ఎక్కాక తెలిసింది తనెక్కడికి వెళుతోందో. తాడేపల్లిగూడెంలో నాగభూషణంగారున్నారు. ‘కొల్లేటి కబురు’కి ట్రాన్స్‌మిటర్ బిగించింది ఆయనే. అది మూలిగినా దగ్గినా ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. చదివిన మాట ఒకటైతే వినపడింది ఇంకొకటి ఎలా అయిందో చెప్పగలిగేది ఆ ఒక్క మనిషే.

కిటికీలోంచి పొలాలు కనపడుతున్నాయి. పడుకున్న వరి మీద బురద ఎండి బూడిద రంగులో ఉంది. ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. చంకలో సంచి బరువు మాత్రం తెలుస్తోంది.

*

గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక సందులో నాగభూషణంగారి కొట్టు. బోర్డు మీద రేడియో, మైకు సెట్ల రిపేరు అని ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి చార్జర్లూ, గుడి మైకులూను. ఆయనకి డెబ్బై రెండు. శ్యామల తండ్రి శివరామయ్య మాస్టారికి స్నేహితుడు. చిన్నప్పుడు బడి వదిలాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ కొట్టులోనే కూర్చుని, ఆయన రిపేరు చేసిన రేడియోలన్నిటినీ ఒకేసారి మోగించి తిట్లు తినేవాళ్ళు. ఇద్దరూ ఆయన్ని బాబాయిగారనే పిలిచేవాళ్ళు.

మధ్యాహ్నం రెండవుతోంది. ఆయన చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. ఆమెని చూడగానే దాన్ని స్టాండులో పెట్టేశారు.

“ఈ రోజు శుభస్వీకారం కదమ్మా. ఇలా వచ్చావేంటి?”

“అయిపోయిందండీ.” స్టూలు మీద కూర్చుని ఎర్ర సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. “బాబాయిగారూ, మన ఎఫ్ఎం పూడిలంకలో వినపడుతుందాండీ?”

ఆయన సెట్టు వైపు చూశారు. ముట్టుకోలేదు. “ఎందుకు?”

“చెప్పండి.”

నాగభూషణంగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. తర్వాత పాత బిల్లు వెనక్కి తిప్పి, పెన్సిలుతో ఒక అడ్డగీత గీశారు. అది నేల. దాని మీద నిలువుగా ఒక పుల్ల గీశారు. అది స్తంభం.

“రేడియో అంటే అన్నీ ఒకటే అనుకుంటారు జనం. వేరువేరమ్మా. మీడియం వేవుంది, అది నేలని పట్టుకుని పాకుతూ పోతుంది. నీళ్ళ మీదైతే ఇంకా హాయిగా పాకుతుంది. ఒక పెద్ద స్టేషను పెడితే మూడు నాలుగు జిల్లాలు వింటాయి. మెరుపు మెరిస్తే చాలు, గరగరలాడుతుంది. ఆ గరగరలోనే మాట వినాలి, కాని మాట ఆగదు. షార్టు వేవు పైకి పోయి ఆకాశంలో తగిలి ఎక్కడో సముద్రం అవతల దిగుతుంది. సింగపూరులో వాడికి వినపడుతుంది, పక్కనున్న దెందులూరు వాడికి వినపడదు.”

“మనది?”

“ఎఫ్ఎం మన చూపులాంటిది. స్తంభం కొసన నిలబడితే ఎంత దూరం కనపడుతుందో సుమారుగా అంతే. వ్యాపారం చేసే పెద్ద ఎఫ్ఎంలకి వేల వాట్లుంటాయి, ఎత్తు స్తంభాలుంటాయి, నలభై యాభై కిలోమీటర్లు కొడతాయి. మనబోటి కమ్యూనిటీ రేడియోకి యాభై వాట్లు. పదిహేను కిలోమీటర్లు వస్తే గొప్ప. మధ్యలో కొండో మేడలో అడ్డొస్తే అదీ లేదు.” పెన్సిలు కింద పెట్టారు. “కాని కొల్లేటి వైపు అడ్డేముంది? చాప పరిచినట్టుంటుంది. పూడిలంకలో బాగా వస్తుంది. పెట్టిన కొత్తలో నేనే సెట్టు పట్టుకుని వెళ్ళి విన్నాను. ఎఫ్ఎంకి ఉరుములు కూడా అంటవు. వచ్చినంత వరకు గాజులా వస్తుంది.”

“అయితే ఆ రోజు కూడా వచ్చి ఉండాలి కదండీ.”

“వచ్చే ఉంటుంది.”

“గూడబాతులు వచ్చాయటండీ” అంది శ్యామల.

భీమడోలులో విన్నదంతా ఆయనకి చెప్పింది. వార్తలు చదివినట్టే చెప్పింది, ఎక్కడా తడబడలేదు. సింహాచలం వచ్చి పిలవడం, అక్క అన్న మాట, వాళ్ళు వెళ్ళిపోవడం. చెప్పడం అయ్యాక సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగింది.

“కంట్రోలు రూము నుంచి ఆరున్నరకి కాగితం వచ్చింది బాబాయిగారూ. నేను లైవులో కూర్చుని చదివాను. బల్ల మీద పచ్చ లైటు వెలుగుతోంది. లైటు వెలిగితే వెళుతున్నట్టే కదండీ. నేను చదివింది ఎటు వెళ్ళింది?”

నాగభూషణంగారు లేచారు. కొట్టు ముందుకెళ్ళి షట్టరు సగం దించి వచ్చారు. లోపల కాస్త చీకటైంది. మార్కెట్లో హమాలీలు కేకలేసుకుంటున్నారు.

“ఆ బల్ల మీంచి రెండు తీగలు వెళతాయమ్మా” అన్నారు నిలబడే. “ఒకటి మేడ మీది ట్రాన్స్‌మిటరుకి. అది ఎఫ్ఎం. రెండోది కంప్యూటరులోంచి ఇంటర్నెట్టుకి. అది యాప్. పచ్చ లైటు ఆ రెండో దానిది. మొదటి దానికి లైటు లేదు.”

“మొదటి దానికి నా మైకు ఉంటుంది కదండీ.”

“ఉండేది.”

ఆయన మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు.

“ఆగస్టులో ఒక ఫోన్ ఇన్ ప్రోగ్రాం చేశావు. గుర్తుందా? ఎవరో కైకలూరు వైపు నుంచి ఫోన్ చేసి, ఫలానా వాళ్ళు చెరువు గట్టు పెంచి కాలవకి అడ్డం వేశారు, రేపు వానలొస్తే లంకలు మునుగుతాయి అని పేర్లు పెట్టి చెప్పాడు.”

“గుర్తుంది. నేను ఫోను కట్ చేశాను.”

“చేసేసరికే వెళ్ళిపోయింది. తర్వాత స్టేషను నడిపే ట్రస్టు వాళ్ళకి ఎవరెవరో ఫోన్లు చేశారట. లైసెన్సు పోతుందని గీతాంజలిగారికి భయం పట్టుకుంది.” గీతాంజలి స్టేషను డైరెక్టరు. “నన్ను పిలిచారు. ఇకమీద ఎఫ్ఎంలో ముందే రికార్డు చేసి, విని, సరే అనుకున్నవే పోవాలి, లైవు యాప్‌లో మాత్రమే పోనివ్వండి అన్నారు. యాప్‌లోదైతే తర్వాత చెరిపెయ్యొచ్చు కదా. నేను వెళ్ళి ట్రాన్స్‌మిటరుకి పోయే తీగని నీ బల్ల నుంచి తీసి, పాత ప్రోగ్రాములు వరసగా మోగించే కంప్యూటరుకి కలిపాను. ఆగస్టు ఇరవై ఒకటిన.”

“మీరే కలిపారా?”

“నేనే.”

“నాకు చెప్పలేదేమండీ?”

“చెప్తే గొడవ చేస్తావన్నారు. రెండు వారాలే, సద్దుమణిగాక మళ్ళీ మార్చేద్దాం అన్నారు. నేను ఊరుకున్నాను.”

శ్యామల లెక్కేసుకుంది. ఆగస్టు ఇరవై ఒకటి నుంచి ఆ శనివారం దాకా పదహారు రోజులు. పదహారు సాయంత్రాలు ఆ గదిలో కూర్చుని, ‘లంకల్లో వింటున్న మీ అందరికీ నమస్కారమండీ’ అని మొదలుపెట్టింది. పిల్లల టీకాల తేదీలు చెప్పింది. బడి సెలవు మారిందని చెప్పింది. ఒకరోజు, తనకి జలుబు చేసింది, గొంతు బాగాలేదు, ఏమీ అనుకోవద్దని చెప్పింది.

“యాప్‌లో ఎవరు విన్నారండీ?” అంది.

ఆయన సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకారు. ఆమె మళ్ళీ అడిగింది.

“ఆ సాయంత్రం ఏడుగురు” అన్నారు చివరికి. “కంప్యూటరులో లెక్కుంటుంది. కువైట్‌లో ఇద్దరు, హైదరాబాదులో ముగ్గురు, ఏలూరులో ఒకరు. ఏడోది మన ఆఫీసులో ఆన్ చేసి వదిలేసిన కంప్యూటరే. యాప్ లోకమంతా వినపడుతుందంటారు, నిజమే. ఫోనులో నెట్టు ఉన్నవాడికే అది. లంకల్లో టవర్లు అప్పటికే బ్యాటరీల మీద కొనప్రాణంతో ఉన్నాయి. అక్కడ ఎవరు పెట్టుకుంటారమ్మా?”

కువైట్‌లో ఇద్దరు. తమ్మిలేరు పొంగుతోంది, పశువుల కట్లు విప్పెయ్యండి, చంటిపిల్లల్ని ముందు పంపండి అని తను వాళ్ళకి చెప్పింది. మూడోసారి చదివేటప్పుడు మరీ నెమ్మదిగా, ముసలివాళ్ళకి కూడా తెలిసేలా ఒక్కో మాటా విడగొట్టి చదివింది. అదే సమయంలో పదిహేను కిలోమీటర్ల అవతల, దీపం పక్కన, అదే గొంతు నవ్వుతోంది.

కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. ఎక్కడో లోపల ఒక గది ఉండి, దాని తలుపు మూసి ఉన్నట్టుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“మీరు నాకు అరగంట నుంచి మీడియం వేవూ షార్టు వేవూ చెబుతున్నారు” అంది.

“అవునమ్మా. ఇది చెప్పడానికి నోరు రాక.”

“చెప్పేశారు కదా. నేను వెళతానండీ.”

“ఇంకొకటుంది. కూర్చో.”

ఆయన సొరుగు లాగారు. స్క్రూలూ, పాత వాల్వులూ ఉన్న రేకు డబ్బాలోంచి నల్లటి పెన్ డ్రైవు తీశారు. బల్ల చివరున్న ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. పెన్ డ్రైవు దానికి పెట్టారు.

“ఆ శనివారం నేనూ ఏలూరులోనే ఉన్నాను” అన్నారు.

శ్యామల తలెత్తింది. “ఎక్కడ?”

“స్టేషన్లోనే. పిడుగులు పడతాయన్నారని ఎర్తింగు చూసుకోవడానికి నాలుగింటి బస్సుకొచ్చాను. మేడ మీద ట్రాన్స్‌మిటరు గదిలో ఉన్నాను. నువ్వు కింద స్టూడియోలో ఉన్నావని తెలుసు. తలుపేసుకుని లోపల ఏం చదువుతున్నావో తెలియదు. నా దగ్గరున్న స్పీకర్లో ఎఫ్ఎం మోగుతోంది. నేనూ గూడబాతులే విన్నానమ్మా. హెచ్చరిక వచ్చిందనే నాకు తెలియదు. తెలిస్తే ఆ తీగ పీకి మళ్ళీ నీ బల్లకి కలపడం రెండు నిమిషాల పని.”

రెండు నిమిషాలు. శ్యామల ఆ మాటని లోపల అలాగే ఉంచుకుంది.

“ఏడూ పదికి కింద హాల్లో ఫోను మోగింది. ఎవరూ లేరు. నేను దిగొచ్చి ఎత్తాను. ఆఫీసు ఫోన్లో మాట్లాడినవన్నీ లాగర్లో పడతాయి, నీకు తెలుసు కదా.” లాగరంటే స్టేషన్లో పలికిన ప్రతి మాటనీ తారీకుతో సహా దాచే పెట్టె. ప్రభుత్వం ఎప్పుడడిగినా మూడు నెలల వెనక్కి వెళ్ళి వినిపించాలి. “మంగళవారం వెళ్ళి ఇది తీసుకున్నాను. అక్కడుంటే ఎవరైనా చెరిపేస్తారని.”

“ఎవరి ఫోనండీ?”

అడిగేసరికే ఆమెకి తెలిసిపోయింది. స్టూడియోలోకి సెల్లు తీసుకెళ్ళకూడదు, బయట సొరుగులో పెట్టి వెళ్ళాలి. ఎనిమిదింటికి బయటికొచ్చి చూసుకుంటే అక్క నుంచి రెండు మిస్డ్ కాల్సున్నాయి. తిరిగి చేస్తే అందుబాటులో లేదంది. తన సెల్లు ఎత్తకపోతే అక్క ఊరుకునే మనిషి కాదు. ఆఫీసుకి చేసి ఉంటుంది.

నాగభూషణంగారు బటను నొక్కారు.

ముందు వాన చప్పుడు. తర్వాత రుక్మిణి గొంతు. ఎప్పటిలాగే కాస్త ఆయాసంగా, చుట్టపుచూపుగా వచ్చినంత మర్యాదగా.

“హలో, కొల్లేటి కబురాండీ? నేను పూడిలంక నుంచండీ. శ్యామల వాళ్ళ అక్కని. శ్యామల ఉందాండీ?”

“లోపలుందండీ. లైవులో ఉంది.” ఇది నాగభూషణంగారి గొంతు. రుక్మిణి గుర్తుపట్టలేదు. వానలో, ఆ లైనులో, ఆయనా గుర్తుపట్టినట్టు లేదు.

“లైవులోనా? అయితే ఇప్పుడు మా సెట్లో వస్తున్నది లైవేనాండీ? గూడబాతులవీ?”

కొంచెంసేపు వాన ఒక్కటే.

“ఆఁ. లైవేనండీ.”

“హమ్మయ్య. ఏం లేదండీ, ఇక్కడెవరో నీళ్ళొస్తున్నాయంటుంటేను. ఉంటానండీ.”

నాగభూషణంగారు ఆపేశారు. ఆయన వేలు ఇంకా బటను మీదే ఉంది.

“ఎవరికీ చెప్పొద్దన్నారు కదమ్మా తీగ మార్చిన సంగతి. ఎవరడిగినా లైవే అనమన్నారు. నోటికి అలవాటైపోయింది. ఎవరో శ్రోత అడుగుతోందనుకున్నాను. అక్క అన్న మాట నా చెవిన పడనేలేదు. పేపర్లో మీ అక్క ఫోటో చూశాక గుర్తొచ్చింది.”

ఆయన ఏడుస్తున్నారు. చప్పుడు లేదు, గడ్డం మీదికి కారుతోంది. శ్యామల చూసింది. పెద్దాయన ఏడుస్తున్నారు, ఏదో ఒకటి అనాలి అనుకుంది. సంచిలోంచి పులిహోర పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియదు.

“పోలీసులకి ఇస్తానంటే ఇచ్చెయ్యి. గీతాంజలిగారి ముందు పెడతానన్నా నేనొస్తాను. ఎక్కడైనా చెబుతాను” అన్నారాయన.

“అయిపోయిందా?” అంది శ్యామల.

“ఏంటమ్మా?”

“రికార్డింగు. కింద ఇంకా గీత ఉందండీ.” తెర మీద వేలుపెట్టి చూపించింది. పాకుతున్న చుక్క చివరిదాకా వెళ్ళలేదు. ఇంకా నలభై సెకన్లుంది.

నాగభూషణంగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. “ఉంది. నేను మేడ మీదికి వెళ్ళే తొందరలో రిసీవరు సరిగ్గా పెట్టలేదు. మీ అక్కయ్య కూడా అటు కట్ చేసుకోలేదు. లైను తెగలేదు. అది... నువ్వు వినకపోయినా పర్వాలేదమ్మా.”

“పెట్టండి.”

“శ్యామలా.”

ఆమె ఆయన చెయ్యి మెల్లగా పక్కకి జరిపి తనే నొక్కింది.

మళ్ళీ వాన. ఈసారి రుక్మిణి గొంతు దూరంగా ఉంది, ఫోను చేతిలో పట్టుకుని ఎవరితోనో ఇంట్లో మాట్లాడుతున్నట్టు. వెనకాల సన్నగా గూడబాతుల ప్రోగ్రాం. వెనకాల శ్యామల నవ్వు.

“లైవేనటండీ. ఆఫీసాయన చెప్పారు. అయినా ఎందుకో నాకు ఉండబుద్ధి కావడం లేదు. సింహాచలం వాళ్ళు ఇంకా రేవు దాటి ఉండరు. వెళ్ళిపోదాం లెండి, ఏమైతే అదవుతుంది.”

దానికి జవాబు చెప్పిన మగగొంతుని శ్యామల మొదటి మాటకే గుర్తుపట్టింది. గట్టిగా మాట్లాడటం చేతకాని గొంతు.

“పోస్టాఫీసు వదిలేసి నేనెక్కడికి వస్తానే? రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను? చెల్లెలు రేడియోలో అంత చక్కగా చెబుతుంటే నీకీ భయమేంటి? నువ్వూ కదలొద్దు. సింహాచలం మళ్ళీ వస్తే నువ్వే రానన్నావని చెబుతాను.”

గీత చివరికొచ్చింది. తెర మీద చుక్క ఆగిపోయింది.

మార్కెట్లో లారీ ఏదో వెనక్కి వస్తోంది, ఎవరో ‘రానీ, రానీ’ అంటున్నారు. వసారాలో అరుగు అంచు మీద కూర్చున్న మనిషి, తలుపు వైపు చూసి మాట్లాడిన మనిషి, ఇక ఎవర్నీ ఏమీ అడగొద్దన్న మనిషి.

“బాబాయిగారూ” అంది. గొంతు మామూలుగానే ఉంది. “ఇందులో ఉన్నది బావగారికి తెలుసాండీ?”

నాగభూషణంగారు తల దించుకున్నారు.

“ముందు ఆయనకే చెప్పుకోవాలనిపించిందమ్మా. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను. తీగ సంగతీ చెప్పాను, ఇదీ వినిపించాను. మొత్తం విన్నారు. విని, ‘శ్యామలకి నేను చెప్పుకుంటాను, మీరు ఇది చెరిపెయ్యండి’ అన్నారు.”